సాయంత్రం టీతో ఏం పెట్టాలి? లో కార్బ్ (పిండిపదార్థం తగ్గించిన తిండి) పాటిస్తున్నవాళ్లు చెప్పండి

నమస్తే అండీ, మాది హైదరాబాద్, మలక్‌పేట. అమ్మకు షుగర్ వచ్చాక డాక్టర్‌ని అడిగే ఇద్దరం అన్నం బాగా తగ్గించాం. మధ్యాహ్నం గుడ్లు, కూర, పెరుగుతో గడిచిపోతోంది. చిక్కంతా సాయంత్రం ఐదింటికే. సందు చివర ఇరానీ హోటల్ నుంచి ఉస్మానియా బిస్కెట్ల వాసన రాగానే అమ్మ గుమ్మం వైపు చూస్తుంది. ఏమీ అడగదు. నాకే ప్రాణం ఉసూరుమంటుంది.

మంచివే కదా అని రోజూ గుప్పెడు వేయించిన శనగలు పెట్టాను. తీరా చూస్తే వాటిలో సగానికి పైగా పిండిపదార్థమేనట! పల్లీలైతే 100 గ్రాములకు 16 గ్రాములే, కానీ అమ్మ పళ్లకు గట్టి. పనీర్ కాకుండా మెత్తటివి ఏమున్నాయి? చక్కెర లేని టీ మింగుడుపడట్లేదు, బదులుగా మజ్జిగ కాకుండా ఇంకేం ఇవ్వొచ్చు? వేపుళ్లకు నెయ్యా, గానుగ పల్లీనూనెనా? రోజుకు ఎన్ని చెంచాలు వాడుతున్నారు?