అమీర్‌పేట నోట్స్‌తో సర్వ్‌లెట్ మొదలుపెట్టాను, 404 వదలడం లేదు

అందరికీ నమస్కారం. ఈ ఆగస్టులోనే ఎంఎస్‌కి డాలస్ వచ్చాను. హైదరాబాద్‌లో బయల్దేరేముందు అమీర్‌పేటలో కొన్న జావా జిరాక్స్ నోట్స్ సూట్‌కేసులో పెట్టుకొచ్చాను. అందులో ఉన్నట్టే సర్వ్‌లెట్ (బ్రౌజర్ అడిగినదానికి జవాబిచ్చే జావా క్లాస్) రాసి, దాన్ని నడిపే సర్వర్ టామ్‌క్యాట్ 10.1లో పెట్టాను. కంపైల్ అవుతోంది, ఎర్రర్ ఏమీ లేదు, బ్రౌజర్‌లో మాత్రం 404, అంటే పేజీ దొరకలేదని. మూడు రోజులైంది, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

*

తమ్ముడూ, టెన్షన్ పడకు, నీ నోట్స్ పాతవి, అంతే. నేను డాలస్‌లో ఆరేళ్లుండి హైదరాబాద్ తిరిగొచ్చేశాను, మొన్న మా చెల్లి కోసం మైత్రీవనం వైపు వెళ్తే అవే నోట్స్ ఇంకా అమ్ముతున్నారు, చూసి బాధేసింది.

పైన ఇంపోర్ట్ లైన్లు చూడు, జావాఎక్స్.సర్వ్‌లెట్ అని ఉంటుంది. సర్వ్‌లెట్ల లాంటివి ఉండే జావా ఈఈని ఒరాకిల్ ఎక్లిప్స్ ఫౌండేషన్‌కి ఇచ్చేసింది కానీ ఆ జావాఎక్స్ పేరుతో కొత్త మార్పులు చేసుకోనివ్వలేదు, అందుకని 2020లో వచ్చిన జకార్తా ఈఈ 9 నుంచి అది జకార్తా.సర్వ్‌లెట్ అయింది. టామ్‌క్యాట్ 9 దాకా పాత పేరు, 10 నుంచి కొత్త పేరు. నీ క్లాస్ మీదున్న పాత వెబ్‌సర్వ్‌లెట్ యానొటేషన్‌ని (ఏ యూఆర్ఎల్‌కి ఈ క్లాసో చెప్పే గుర్తు) 10.1 అసలు గుర్తుపట్టదు, అందుకే కిమ్మనకుండా 404 ఇస్తోంది. ఇంపోర్ట్‌లు మార్చు, లైబ్రరీలు తెచ్చిపెట్టే మావెన్‌లో జకార్తా సర్వ్‌లెట్ ఏపీఐ 6.0.0 పెట్టు, స్కోప్ ప్రొవైడెడ్ అని ఉండాలి, అంటే నడిచేటప్పుడు టామ్‌క్యాట్ దగ్గరున్నదే వాడుతుంది. యూఆర్ఎల్‌లో 8080 తర్వాత నీ వార్ ఫైల్ (యాప్ మొత్తం ప్యాక్ చేసిన ఫైల్) పేరు కూడా రావాలి, చిన్నక్షరం పెద్దక్షరం తేడా ఉన్నా దొరకదు.

*

అన్నా, 404 పోయింది! థాంక్స్. ఇప్పుడు 405 వస్తోంది.

*

మంచిదే, అంటే నీ సర్వ్‌లెట్ దాకా రిక్వెస్ట్ చేరింది. 405 అంటే ఆ రకం రిక్వెస్ట్‌కి నీ క్లాస్‌లో మెథడ్ లేదని, డూపోస్ట్ ఒక్కటే రాసుంటావు. అడ్రస్ బార్‌లో కొడితే వెళ్లేది గెట్, కాబట్టి డూగెట్ కూడా రాయి.

ఇంకో మాట, ఇది మాత్రం గట్టిగా పట్టుకో. మామూలుగా ఒక సర్వ్‌లెట్‌కి టామ్‌క్యాట్ ఒకే ఆబ్జెక్ట్ చేస్తుంది, వెయ్యిమంది వచ్చినా వేర్వేరు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనులు) ఆ ఒక్కదాన్నే వాడతాయి. యూజర్ పేరు లాంటిది క్లాస్‌లో ఫీల్డ్‌గా పెట్టావంటే ఒకరిది ఇంకొకరికి కనబడుతుంది. నా మొదటి ఉద్యోగంలో నేను చేసిన తప్పు ఇదే, నా మెషీన్‌లో నేనొక్కణ్ణే చూసుకున్నప్పుడు చక్కగా నడిచింది, ఇద్దరు ఒకేసారి లాగిన్ అయ్యేసరికి ఒకరి వివరాలు మరొకరి స్క్రీన్ మీదికొచ్చాయి, రెండు రాత్రులు నిద్రపోలేదు. అలాంటివి డూగెట్ లోపలే లోకల్‌గా ఉంచు, పేజీ మారినా కావాలంటే ఒక్కో యూజర్‌కి విడిగా ఉండే సెషన్‌లో పెట్టు.

సర్వ్‌లెట్లు ఎందుకు, నేరుగా స్ప్రింగ్ బూట్‌కి (జావా యాప్‌లు త్వరగా కట్టే ఫ్రేమ్‌వర్క్) వెళ్లిపో అంటారు అక్కడి రూమ్మేట్లు. దాని వెబ్ భాగంలో మామూలుగా రిక్వెస్టులన్నీ అందుకునే డిస్పాచర్‌సర్వ్‌లెట్ కూడా ఒక సర్వ్‌లెటే, ఓ రెండు వారాలు సర్వ్‌లెట్ల మీద కూర్చుంటే స్ప్రింగ్ బూట్‌లో ఎర్రర్ వచ్చినప్పుడు ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

మళ్లీ ఆగిపోతే టామ్‌క్యాట్ లాగ్స్ ఫోల్డర్‌లో ఉన్నది ఇక్కడ పెట్టు. మాకు రాత్రి తొమ్మిదిన్నర అంటే ఇప్పుడు మీకు పగలు పదకొండు, ఆ టైమ్‌కి నేను ఉంటాను.