నడుంనొప్పి కాగితంలో ‘నరం’ అనాలా, ‘నాడి’ అనాలా?

కావలి ఫిజియో: పేషెంట్లకిచ్చే తెలుగు కాగితం రాస్తుండా. ఎల్4-ఎల్5 డిస్కు (నడుం నాలుగో, ఐదో పూసల మధ్యుండే మెత్త) జారి ‘నరాన్ని’ నొక్కుతుందని రాస్తే, ఒక సారు ‘నాడిని’ అని దిద్దాడు. ఏది ఉంచమంటారు?

పొదిలి మాస్టారు: దిద్దిందే రైటు. బడి పుస్తకంలో నాడీ వ్యవస్థ, 31 జతల వెన్నునాడులు అనే ఉంది. మనోళ్లకి చేతిమీద పచ్చగా ఉబ్బేదీ నరమే, మడమ వెనక గట్టిగా తగిలేదీ నరమే. రక్తం పారేదానికీ స్పర్శ మోసేదానికీ ఒకటే మాటా?

నెల్లూరోడు: మాస్టారూ, నాడి అంటే మా అవ్వ చెయ్యి చాపుద్ది, చూడమని.

పొదిలి మాస్టారు: అవ్వ కోసం శాస్త్రం మారదు. ‘వెన్నుపాము నలిగింది’ అని కూడా రాసుంటే కొట్టెయ్యండి. పెద్దోళ్లలో వెన్నుపాము నడుం మొదటి, రెండో పూసల దగ్గరే ఆగిపోద్ది. కిందుండేది గుర్రం తోకలాంటి నాడుల గుత్తి.

కావలి ఫిజియో: ఆ మాటే రాయలేదు సార్.

కనిగిరి పిల్లోడు: వెన్నుపాము, వెన్నుపూస ఒకటి కాదా?

పొదిలి మాస్టారు: పూస ఎముక. పాము దాని లోపల. ఇందుకే చెప్పేది!

కనిగిరి పిల్లోడు: కోప్పడబాకండి. మా నాయన ఫ్లోరైడు నీళ్లు తాగి వెన్ను కొయ్యబారింది. మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాల. కాళ్లు తిమ్మిరంటే ఊళ్లో ఒకాయన ‘నరం పట్టింది’ అని ఏడాది నూనె రుద్దాడు. ఎముక పెరిగి లోపల పాముని నొక్కుతుందని ఎవురూ చెప్పలా. 1937లోనే మన పక్క ఈ జబ్బుందని వైద్య పత్రికలో రాశారంట, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లా.

పొదిలి మాస్టారు: చూశారా! ‘నరం’ అన్నందుకే నూనె రుద్దారు.

కనిగిరి పిల్లోడు: నాడి అనుంటే రుద్దరా? పెద్దాసుపత్రిలో ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టి పొమ్మన్నారు. కూర్చోబెట్టి వేలుపెట్టి చూపించుంటే తాడు అన్నా అర్థమయ్యేది. మీకు మాట కావాల, మాకు మనిషి కావాల.

పొదిలి మాస్టారు: ఆ పాఠం ముప్పై ఏళ్లు చెప్పా నాయనా. ‘ఈ మాటలు యాడ వాడతారు సార్’ అని పిల్లోళ్లు అడిగితే చూపించను ఒక్క ఆసుపత్రి కాగితం లేదు. ఇదన్నా ఉంటదనుకున్నా.

నెల్లూరోడు: అది ముందే చెప్పొచ్చు గదా.

కావలి ఫిజియో: ‘కాలికి పొయ్యే నరం నొక్కుకుంది. ఇది రక్తనాళం కాదు, నాడి’ అని రాసి బొమ్మ పెడతా. సరేనా?

పొదిలి మాస్టారు: బొమ్మలో నడుం పూసలు ఐదే వెయ్యండి. మొన్నొక పోస్టరులో ఆరున్నాయి.