చెరువు శికంల మొలిచినా, సంచిలో పడితే కేసే: మ్యాజిక్ పుట్టగొడుగుల ముచ్చట

మట్టెవాడ_పోరడు:
ముసురు పట్టంగనే కాలేజీ గ్రూపులల్ల మత్తెక్కించే మ్యాజిక్ పుట్టగొడుగుల మీద ఒకటే వాదన. చట్టంల పుట్టగొడుగు పేరే లేదట, సర్కారు జాగల మొలిచినయి ఏరుకుంటే ఏం గాదట. నిజమేనా? కేసైతే ఎన్ని గ్రాములకు ఎంత?

హన్మకొండ_అడ్వకేట్:
సగం నిజం. ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం 1985 షెడ్యూల్‌లో పుట్టగొడుగు అని ఉండదు. కానీ దానిలో ఉండే మత్తు రసాయనాలు సైలోసిబిన్, సైలోసిన్ రెండూ ఆ జాబితాల ఉన్నయి. సెక్షన్ 8(సి) కింద దగ్గర పెట్టుకున్నా, అమ్మినా, కొన్నా, మోసుకపోయినా, వాడినా నేరమే. భూమి ఎవరిదన్న ప్రశ్నే రాదు. శికమైనా (చెరువు లోపలి భూమి), బంచరాయైనా (పశువులు మేసే జాగ), చెరువు కట్టైనా అంతే. పైగా బహిరంగ స్థలంలో వారెంట్ లేకుండ సోదా చేసి పట్టుకునే అధికారం సెక్షన్ 43 ఇస్తది.

శిక్ష సెక్షన్ 22లో ఉంది. సైలోసిబిన్ 2 గ్రాముల దాకా చిన్న పరిమాణం: ఏడాది దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. 50 గ్రాములు దాటితే కమర్షియల్: 10 నుంచి 20 ఏండ్లు, లక్షకు తక్కువ కాకుండ జరిమానా. నడుమ దానికి పదేండ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

మట్టెవాడ_పోరడు:
గంజాయికైతే కిలో దాకా చిన్న కేసే కద సార్?

హన్మకొండ_అడ్వకేట్:
గంజాయికి కిలో దాకా చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే కమర్షియల్. ఆ లెక్క దీనికి పెట్టుకున్నోళ్లే మునుగుతరు.

తూకంరాళ్లు:
అసలు కొట్లాట బరువు దగ్గర. పచ్చి పుట్టగొడుగుల తొంభై శాతం దాకా నీళ్లే. 300 గ్రాములు ఎండితే మిగిలేది 30. అందులో సైలోసిబిన్ ఒక శాతం అనుకున్నా 0.3 గ్రాము, అంటే చిన్న పరిమాణం. అదే సంచి మొత్తం తూకమేస్తే 300 గ్రాములు, కమర్షియల్ హద్దుకు ఆరింతలు. ఒకటే సంచి: ఒక లెక్కల ఏడాది దాకా, ఇంకో లెక్కల పదేండ్లకు తగ్గకుండ. మత్తుమందును వేరేదానితోని కలిపిన మిశ్రమమైతే మొత్తం బరువు చూడాలని 2020లో హీరా సింగ్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. పుట్టగొడుగు మిశ్రమం కాదు, సహజంగ మొలిచిన శిలీంధ్రం అని 2025 జనవరిల కేరళ హైకోర్టు అన్నది. అక్కడ పట్టుకున్నది 226 గ్రాముల పుట్టగొడుగులు, 50 గ్రాముల క్యాప్సూళ్లు.

హన్మకొండ_అడ్వకేట్:
ఆ ఆర్డరే వాట్సాప్‌ల "లీగల్ అయ్యింది" అని తిరుగుతున్నది. అది బెయిల్ ఆర్డర్ అంతే. మన హైకోర్టు దాన్ని పాటించి తీరాలని లేదు, వాదనల చూపించుకోవచ్చు. ఎఫ్‌ఐఆర్‌ల మొత్తం బరువు ఎక్కితే కమర్షియల్ కేసై బెయిల్‌కు సెక్షన్ 37 అడ్డం పడతది, చార్జిషీటు గడువు 180 రోజులైతది. కాబట్టి ల్యాబ్ రిపోర్టుల "సైలోసిబిన్ ఉంది" అన్న ఒక్క మాట చాలదు. ఎంత శాతమో తేల్చమని మొదట్లనే పిటిషన్ పెట్టాలె. పచ్చి సరుకు కుళ్లిపోతది, తర్వాత అడిగితే కొలిచేదానికి ఏం మిగలదు.

పాకాల_బీట్:
అడవి సంగతి వేరే, అందరూ మర్చిపోయేది ఇదే. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు. అక్కడ అనుమతి లేకుండ అటవీ ఉత్పత్తి తీసినా వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972, సెక్షన్ 29 కింద కేసు. అది మామూలు కూర పుట్టగొడుగైనా సరే. మూడేండ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. రిజర్వు ఫారెస్టుకు 1967 అటవీ చట్టం ఉంది. "కోయోళ్లు ఏరుకుంటలేరా" అంటరు. వాళ్లకు 2006 అటవీ హక్కుల చట్టం కింద చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కుంది, వరంగల్ నుంచి బండేసుకొని పోయినోళ్లకు లేదు. ఆ హక్కు కూడా మత్తు పదార్థానికి పనికిరాదు.

కాజీపేట_జంక్షన్:
కొడైకెనాల్ నుంచి రైల్ల తెచ్చుకునేటోళ్లకు ఒక్క మాట. సెక్షన్ 50 ప్రకారం గెజిటెడ్ అధికారి లేదా మెజిస్ట్రేట్ ముందట సోదా కోరే హక్కు ఒంటి మీది సోదాకే. బ్యాగుకు వర్తించదు. పంచనామాల పచ్చియా ఎండుయా, సంచి బరువు తీసేసి తూచిన్రా లేదా అన్నది చదవకుండ సంతకం పెట్టొద్దు. అధికారులకు ఇచ్చిన ఒప్పుకోలు వాంగ్మూలం సాక్ష్యంగ చెల్లదని 2020ల తూఫాన్ సింగ్ కేసుల తేలింది. అయినా భయానికి రాసిచ్చి చిక్కుల పడతరు.

నర్సంపేట_వానకాలం:
మరి కూరకు పుట్టల మీద ఏరేటోళ్లు భయపడాల్నా?

హన్మకొండ_అడ్వకేట్:
సైలోసిబిన్ లేకపోతే ఎన్‌డీపీఎస్ కేసే నిలవదు. ఉంటే మాత్రం "తెల్వక ఏరిన" అని నిరూపించుకునే భారం సెక్షన్ 35 మన మీదనే పెడతది.

ఎంజీఎం_నైట్‌డ్యూటీ:
కేసు భయంతోని దవాఖానకు రాకుండ ఆగేటోళ్లు ఎక్కువ, అదే ప్రాణం మీదికి తెస్తది. తిన్న ఆరు గంటలు దాటినంక వాంతులు, విరేచనాలు మొదలైతే కాలేయాన్ని తినే రకం అనుమానించాలె. రెండో రోజు కొంచెం నయమైనట్టు కనిపిస్తది, నమ్మొద్దు. మిగిలిన ముక్కలు కాగితంల చుట్టి తీసుకరండి, ప్లాస్టిక్ కవర్ల తొందరగ కుళ్లుతయి. ఏం తిన్నరో, ఎప్పుడు తిన్నరో డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి.