అంచులు కోసిన చార్లెస్ షిల్లింగ్: కొనాలా, వదిలేయాలా?

రూక:
లండన్‌లో ఉంటాను. ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ నాటి వెండి నాణెం, షిల్లింగ్ ఒకటి అమ్మకానికి కనపడింది. 1660లో రాజరికం తిరిగొచ్చాక, 1662లో యంత్రం మీద ముద్రణ మొదలయ్యేలోపు సుత్తితో కొట్టిన రకం. రాజు మొహం బాగుంది కానీ అంచు చుట్టూ కోసేశారు, అక్షరాలు సగం లేవు. నిండు నాణెం ధరలో మూడో వంతు చెబుతున్నాడు. కొనచ్చా?

దమ్మిడీ:
వద్దు తమ్ముడూ. తిరిగి అమ్మాలనుకున్న రోజున తెలుస్తుంది. పైగా వీటి మీద సంవత్సరం ఉండదు. మొదటి విడతలో, బొమ్మ ఉన్న వైపే రాజు తల వెనక వేసే విలువ అంకె లేదు, అక్షరాల లోపల వలయమూ లేదు. రెండో విడతకి అంకె వచ్చింది, మూడో విడతకి వలయం కూడా. అంచు మరీ లోపలికి కోసేస్తే రెండోదో మూడోదో తేల్చుకోలేక జుట్టు పీక్కోవాలి. డబ్బు కూడబెట్టి మంచిదే కొనుక్కో.

కాసులపేరు:
దమ్మిడీ గారూ, మీ లెక్కన నా ఆల్బమ్ సగం చెత్తబుట్టలోకే! అప్పట్లో అంచు కోయడం రాజద్రోహం, దొరికితే ఉరి. అయినా వెండి కోసం కోశారు. 1690ల నాటికి ఖజానాకి వచ్చిన పాత వెండి నాణేలు, ఉండాల్సిన తూకంలో ఇంచుమించు సగమే తూగాయి. అందుకే 1696లో అన్నీ వెనక్కి తీసుకుని కరిగించి కొత్తవి ముద్రించారు. యంత్రం మీద చేసిన క్రౌన్ అనే పెద్ద వెండి నాణెం అంచు మీద 'డెకస్ ఎట్ టుటామెన్' అని లాటిన్ అక్షరాలు పెట్టింది కూడా ఈ కత్తెర దొంగల భయంతోనే. అలంకారం, రక్షణ అని అర్థం. నిండుగా మిగిలింది ఎవరో పెట్టెలో దాచిన నాణెం కావచ్చు. సంతలో తిరిగింది కావాలంటే చిక్కిపోయిందే కావాలి. అన్నట్టు, బొంబాయిని పెళ్లి కట్నంగా పుచ్చుకున్నది ఈ రాజుగారే.

దమ్మిడీ:
కథ బాగుంది. కానీ ఆ దొంగ పట్టుకుపోయిన వెండికి నేనెందుకు డబ్బివ్వాలి?

కాసులపేరు:
ఇవ్వక్కర్లేదు. మూడో వంతే అడుగుతున్నాడుగా.

వరహా:
ఇద్దరూ ఈ నాణెం తూకం మాట ఎత్తలేదు. సుత్తి దెబ్బకి నాణెం గుండ్రంగా రాదు, అక్షరాలు ఒక పక్కకి జారిపోతాయి. ముక్కు చదునుగా ఉన్నా అరుగుదల అనుకోకండి, దెబ్బ సరిగా పడకపోయినా అలాగే ఉంటుంది. కోశారో లేదో కంటితో తేలదు. షిల్లింగ్ నిండు బరువు దాదాపు 6 గ్రాములు. 5.7 ఉంటే కళ్లు మూసుకుని తీసుకుంటాను. 4 దగ్గరికి వస్తే, బొమ్మ ఎంత ముద్దొచ్చినా వదిలేస్తాను. ఇంకో మాట, మరీ తళతళలాడుతోందా? మనవాళ్లు వెండి కుందులు తోమినట్టు విభూతితో తోమేసి అమ్మేవాళ్లున్నారు. నాకైతే కోసినదానికంటే తోమినదే పెద్ద లోపం.

దమ్మిడీ:
తోమడం దగ్గర మీతో ఏకీభవిస్తాను. కోసినదాని దగ్గర మాత్రం నా మాట మార్చుకోను.

రూక:
తూకం అడిగాను. 4.9 గ్రాములట. రంగు నల్లగానే ఉంది, తోమలేదు. తల వెనక అంకె లేదు, అంటే మొదటి విడతదే అయుండాలి. పావు వంతుకి ఇస్తావా అని అడిగి కూర్చున్నా. దమ్మిడీ అన్నా, తిట్టుకోకండి.