వెలగ, మారేడు ఒకే చెట్టా?

ప్రశ్న: మా పెరట్లో తాతగారి నాటి వెలగచెట్టు ఒకటి ఉన్నది. ‘వుడ్ యాపిల్’ అన్న ఇంగ్లీషు పేరును వెలగకూ మారేడుకూ కూడా వాడుతుండటం వల్ల, రెండూ ఒకటేనని, విరేచనాలకు మారేడు బదులు మా వెలక్కాయనే వాడవచ్చునని బంధువులొకరు చెబుతున్నారు. ఇది నిజమేనా? ‘గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు’ అనడానికి ఆ కాయలో ఉన్న కారణమేమిటో కూడా తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు: రెండూ నిమ్మ కుటుంబమైన రూటేసీకి చెందినవే గాని, ఒకే చెట్టు కాదు. వెలగ లిమోనియా ఆసిడిస్సిమా, మారేడు ఈగిల్ మార్మెలోస్. ఆకును చూస్తేనే తేడా తెలిసిపోతుంది. శివపూజకు వాడే మారేడు దళంలో మూడే ఆకులుంటాయి. వెలగకు సాధారణంగా ఐదు నుంచి ఏడు చిన్న ఆకులు ఉండి, వాటిని మోసే నడిమి కాడకు ఇరువైపులా సన్నని రెక్క వంటి అంచు ఉంటుంది, నలిపితే సోంపు వాసన వస్తుంది. వెలక్కాయ డిప్ప బూడిదరంగు కలిసిన తెలుపులో గరుకుగా ఉంటే, మారేడుకాయ నున్నగా ఉండి పండినప్పుడు పసుపురంగుకు తిరుగుతుంది. పగలగొడితే మారేడులో గదులు, గింజల చుట్టూ జిగట బంక కనిపిస్తాయి. వెలగలో గదులు లేని గోధుమరంగు పుల్లని గుజ్జు నిండా గింజలు చెదిరి ఉంటాయి.

రెండవ జవాబు: గొంతు పట్టడానికి కారణం పచ్చికాయలోని టానిన్లు అనే వగరు పదార్థాలు. అవి లాలాజలంలోని ప్రోటీన్లతో కలిసి గట్టిపడటం వల్ల నోటి జారుడుతనం పోయి, ముద్ద దిగక అడ్డుపడినట్లవుతుంది. పచ్చి వెలక్కాయకు కూడా విరేచనాన్ని కట్టే గుణం ఉన్నదని ఆయుర్వేదం చెబుతుంది గాని, అంతమాత్రాన దానిని మారేడుగా లెక్కించడం సరికాదు. మార్మెలోసిన్ అనే పదార్థానికి ఆ పేరు వచ్చినదే మారేడు నుంచి. ఆయుర్వేదంలో దశమూలాలనే పది వేర్ల మందులో చేరేది కూడా మారేడుచెట్టు వేరు. పైగా విరేచనాలకు వాడేది లేత మారేడుకాయను ఎండబెట్టిన ముక్కలను. బాగా పండినది విరేచనకారి కనుక ఫలితం తలకిందులవుతుంది. దయచేసి వైద్యుని అడగకుండా మార్పిడి చేయవద్దు.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. వినాయక చవితికి పాలవెల్లికి కట్టినవి పోగా చెట్టున చాలా కాయలు మిగిలాయి. డిప్ప రంగు మారదు కదా, పండినట్లు తెలుసుకోవడం ఎలా?

మొదటి జవాబిచ్చినవారు: అడుగు ఎత్తు నుంచి గట్టి నేల మీదికి జారవిడవండి. పచ్చిది ఎగిరిపడుతుంది, పండినది ఎగరదు, మంచి వాసన కూడా వస్తుంది. ఆ గుజ్జుకు బెల్లం, పచ్చిమిరప చేర్చి పచ్చడి చేసుకోండి.