జానపద పాటను యూట్యూబ్ ఛానల్‌కు అమ్మేయాలా, సొంతంగా వదలాలా?

పల్లెపదం:
బోనాలు, బతుకమ్మ దగ్గర పడితే జానపద ఛానళ్లు పాటలు వెతుక్కుంటాయి. గాయనికీ రచయితకూ ఒకేసారి డబ్బిచ్చి సర్వహక్కులూ రాయించుకుంటాయి. అమ్మేయడమే మేలంటాను. కొత్త ఛానల్‌కు యాడ్స్ డబ్బులో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ (లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్) కావాలి. ఒక్కొక్కరు సగటున 3 నిమిషాలు చూసినా 80,000 వ్యూస్ అన్నమాట. షార్ట్స్ ఫీడ్‌లో చూసినవి ఈ గంటల్లో కలవవు. స్పాటిఫైలోనూ అంతే: 2024 నుంచి, గత 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీమ్స్ రాని పాటకు రికార్డింగ్ రాయల్టీ లేదు. పెద్ద ఛానల్‌లో పడితే పేరొస్తుంది, జాతర్లకూ బరాత్‌లకూ పిలుపొస్తుంది. గాయనికి ఇల్లు గడిచేది స్టేజీ మీదే.

హక్కుపత్రం:
అన్నా, ఛానల్‌కు ఇవ్వొద్దని నేననను. పేచీ అంతా ఆ సర్వహక్కుల కాగితం దగ్గరే. 2012 సవరణ తర్వాత కాపీరైట్ చట్టం సెక్షన్ 18 ప్రకారం, రచయితా స్వరకర్తా హక్కులు రాసిచ్చినా రాయల్టీలో సమాన వాటా వదులుకోవడం కుదరదు. ఆ వాటాను వారసులకో, రాయల్టీ వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో తప్ప ఇవ్వలేరు. గాయనికి సెక్షన్ 38ఎ కింద విడిగా హక్కుంది. ఇక సెక్షన్ 19: బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, ఏ పాట, ఏయే హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతం అన్నవి రాయాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. అందుకే తయారుగా ఉన్న ఫారాల్లో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని ముందే అచ్చేసి ఉంటుంది. సంతకానికి ముందు ఆ రెండు మాటలూ కొట్టేయించి, 5 ఏళ్లని రాయించండి.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. వీడియో కింద "సేకరణ: ఫలానా" అని వేస్తారు. పాత పల్లవి తీసుకుని మూడు చరణాలు కొత్తగా రాసినవాళ్లు కూడా దానికి సరేనంటారు. సేకరించినవాడు రచయిత కాడు కాబట్టి రేపు వాటా అడగడానికి ఆధారం ఉండదు. "పల్లవి: సంప్రదాయం, చరణాలు: ఫలానా" అని కాగితంలోనూ డిస్క్రిప్షన్‌లోనూ వేయించాలి. రచయితల, స్వరకర్తల కాపీరైట్ సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకుని పాటను అదే పేర్లతో నమోదు చేయాలి.

మిక్సింగ్‌రూమ్:
సొంతంగా వదిలేవాళ్లకు దెబ్బ తగిలేది కంటెంట్ ఐడీలో, అంటే ఒకే శబ్దమున్న వీడియోలను యూట్యూబ్ తనంతట తానే పట్టే ఏర్పాటులో. డప్పు లూప్ (మళ్లీ మళ్లీ తిప్పి వాడే చిన్న రికార్డింగ్ ముక్క), కీబోర్డు ప్యాడ్ (వెనకాల సాగే స్వరం) రెడీమేడ్‌గా కొంటారు. అదే లూప్ పదిమంది దగ్గరుంటుంది. వాళ్లలో ఒకరు తమ పాటను కంటెంట్ ఐడీలో పెడితే మీ పాట మీద "ఇది మాది" అని క్లెయిమ్ పడుతుంది. అలాంటి లూప్‌లున్న పాటను అందులో పెట్టడం నిబంధనలకే విరుద్ధం, అయినా పెడుతున్నారు. క్లెయిమ్ వచ్చిన 5 రోజుల్లోపు డిస్ప్యూట్ (అభ్యంతరం) వేస్తే మొదటి రోజు నుంచీ యాడ్స్ డబ్బు యూట్యూబ్ దగ్గరే పక్కన ఆగుతుంది. ఆలస్యమైతే ఆ మధ్య రోజులది అవతలివాళ్లకు పోతుంది. అవతలివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వకపోతే క్లెయిమ్ దానంతటదే పోతుంది. లూప్ కొన్న రసీదు, లైసెన్సు, విడి ట్రాకుల వేవ్ ఫైళ్లు దాచుకోండి. అసలు డప్పు నేరుగా వాయించి రికార్డు చేయడమే ఉత్తమం. చప్పుడులో ప్రాణమూ ఉంటుంది, తగాదా సగం తగ్గుతుంది.

పల్లెపదం:
చట్టం సరే. కానీ షరతులు పెట్టే గాయనిని వదిలేసి ఛానల్‌వాళ్లు మరొకరిని పిలుస్తారు. ఊళ్లలో పాడేవాళ్లకు కొదవ లేదు. కోర్టుకెళ్లే స్తోమత ఎవరికుంది?

హక్కుపత్రం:
అది నిజమే. అందుకే ఛానల్‌కు పైసా ఖర్చు లేనివి ముందు అడగాలి: స్టేజీ మీద ఆ పాట పాడుకునే అనుమతి, తన పేజీలో ఒక నిమిషం ముక్క పెట్టుకునే వీలు, టైటిల్‌లోనే గాయని పేరు. వీటికి ఎవరూ కాదనరు. స్టేజీ అనుమతి మాత్రం రాతలో లేకుండా సంతకం చేయొద్దు. మీరన్నట్టు రాబడంతా అక్కడే అయితే, పోగొట్టుకోకూడనిదీ అదే. డబ్బు పెంచమనడం రెండో పాటప్పుడు, మొదటి పాట వ్యూస్ చూపించి.