అమలాపురం వేడిలో బరోలో సీసా: ఎలా దాచాలి, దేనితో తాగాలి?

కోనసీమ కుర్రాడు:
అక్కా బావా ఇటలీ నుంచి మూడు రెడ్ వైన్ సీసాలు తెచ్చారండి. పీడ్‌మాంట్‌లో ఏదో చిన్న వైనరీవి. బర్బేరా దాస్తీ 2022, లాంగె నెబ్బియోలో 2021, బరోలో 2016. ఇంట్లో ఏసీ రాత్రిపూటే వేస్తాం. బరోలో ఇంకో ఐదారేళ్లు దాచొచ్చంటున్నారు, నిజమేనా? జూలైలో పులస వస్తుంది కదా, దాంతో ఏది బాగుంటుంది?

రేవు గట్టు:
ఐదారేళ్లు అక్కడి నేలమాళిగలో దాచొచ్చు, మన దగ్గర కాదండి. వైన్‌కి 12–15 డిగ్రీలు నిలకడగా ఉండాలి. మీ గది రాత్రి 24, మధ్యాహ్నం 36 అయితే ఆ ఎగుడుదిగుడే చెరుపు. వేడికి లోపలి వైన్ పెరిగి కార్కుని పైకి తోస్తుంది, చల్లారితే బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పడుకోబెట్టండి. వైన్‌కి అది కాస్త ఎక్కువ చలే, అయినా 36 కంటే వెయ్యిరెట్లు నయం. ఏడాదిలోపు తాగేయండి, ఫ్రిజ్ పొడిగాలికి కార్కు ఎండుతుంది. ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోతే గడ్డకట్టి కార్కుని తన్నేస్తుంది. అటక ఊసే ఎత్తొద్దు.

పంటకాలువ:
మూడిట్లో రెండు ఒకే ద్రాక్షవి. బరోలో ఊరి పేరు, ద్రాక్ష మాత్రం నూటికి నూరుపాళ్లూ నెబ్బియోలోనే. కోసిన ఏడాది నవంబర్ 1 నుంచి 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్కపీపాలో. అంచేత 2016 పంట 2020కి ముందు అమ్మకానికే రాదు. లాంగెది అంత కట్టుబాటు లేనిది, ముందు తాగేయొచ్చు. బర్బేరా వేరే ద్రాక్ష: పులుపెక్కువ, వగరు తక్కువ.

వెనక లేబుల్ మీద 'ఇంబొత్తిల్యాతో ఆల్లోరీజినె' ఉందేమో చూడండి. ఉంటే ద్రాక్ష పండించినవాళ్లే సీసాల్లో నింపారని. ఉత్త 'ఇంబొత్తిల్యాతో దా' అని ఉంటే బయట కొని నింపింది కావచ్చు. బరోలో, బర్బేరాల మెడ మీద నంబరున్న ప్రభుత్వ చీటీ కూడా ఉండాలి.

పాలకొల్లు వంటిల్లు:
పులసకి ఈ మూడూ వద్దండి బాబూ. రెడ్ వైన్‌లోని ఇనుము చేపనూనెతో కలిస్తే నోట్లో తుప్పు రుచి, నీచు. పులసకున్న గొప్పే ఆ నూనె! పైగా కారానికి వగరు తోడైతే మంట ఇంకా ఎక్కువ. అంత ఖరీదు పెట్టి కొన్న చేపని పాడుచేసుకోవడం దేనికి?

నాటుకోడి ఇగురు కారం సగానికి తగ్గించి, బర్బేరాని 15 డిగ్రీలకి చల్లబరిచి తాగండి. బరోలోకి వేటమాంసం వేపుడు, మిరియాలతో. కొవ్వు వగరుని మెత్తబరుస్తుంది. గోంగూర, చింతపండు పడకూడదు.

బరోలో సీసాని ముందురోజే నిలబెట్టండి, మడ్డి అడుక్కి చేరుతుంది. కదపకుండా తెరిచి గాజు జగ్గులోకి సన్నగా వంచండి, మడ్డి మెడ దాకా రాగానే ఆపేయండి. రెండు గంటలు గాలి తగలాలి. ఈలోపు మన ఉక్కకి గోరువెచ్చనైపోతుంది కాబట్టి జగ్గుని చన్నీళ్ల బేసిన్‌లో పెట్టి గుప్పెడు ఐసు వేయండి. 18 డిగ్రీల్లో పొయ్యండి.

కోనసీమ కుర్రాడు:
'ఆల్లోరీజినె' ఉందండి. కానీ బర్బేరా కార్కు అర సెంటీమీటరు పైకి లేచింది, మూతి దగ్గర జిగట.

రేవు గట్టు:
దారిలోనే వేడి తగిలింది. ఇవాళే తీసి వాసన చూడండి. ఉడికిన ఎండుద్రాక్షలా ఉంటే వేడి దెబ్బే, మాంసం నానబెట్టడానికి పనికొస్తుంది. తడిసిన అట్టపెట్టె వాసనైతే కార్కు జబ్బు, దానికి వేడితో సంబంధం లేదు, కూరలోకి కూడా పనికిరాదు.